ఒడ్డు దిగిపోయే ఊళ్లో వేసవి సీజన్‌కు సిద్ధం కావడం ఎలా: సోమశిల తీరం నుంచి

సముద్రం పక్కనున్న ఊళ్లకు ఒడ్డు ఎక్కడికీ పోదు. నిరుడు బజ్జీల బండి పెట్టిన చోటే ఈ ఏడూ పెట్టుకోవచ్చు. మాకు సముద్రం లేదు, కృష్ణమ్మ ఉంది. శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన నీళ్లే కొల్లాపూర్ పక్కనున్న మా సోమశిలకు సముద్రం. ఆ నీళ్లు సంక్రాంతికి మెట్లను తాకుతుంటాయి, మే నెల వచ్చేసరికి ఎక్కడో కింద మెరుస్తుంటాయి. మధ్యలో మిగిలేది ఒండ్రు, రాళ్లు, పాత ఊరి గోడలు. వేసవి సెలవులకు పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు దిగేది ఆ నేలమీదికే.

అందుకే మన ఏర్పాట్లన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి: వచ్చే నెల ఇదే రోజుకు ఒడ్డు ఎక్కడుంటుంది? ఇది తెలిస్తే రేవు ఎక్కడ కట్టాలో, స్నానాల చోటు ఎక్కడ పెట్టాలో, బండి ఎక్కడ ఆపించాలో, మరుగుదొడ్డి ఎక్కడ కట్టకూడదో తెలుస్తుంది. సోమశిల అనుభవంతో రాస్తున్నా గానీ, అమరగిరికైనా, నాగార్జునసాగర్ వెనక నీళ్ల మీద బతికే నేరెడుగొమ్ము వైపు వైజాగ్ కాలనీకైనా ఇందులో చాలామటుకు పనికొస్తుంది.

శివరాత్రి మర్నాడే మొదలుపెట్టండి

శివరాత్రి జాతర అయిపోగానే ఊరంతా అలసిపోయి ఉంటుంది. అయినా పని మొదలుపెట్టాల్సింది అప్పుడే. ఇంటర్ పరీక్షలు అయిపోగానే కుర్రాళ్ల గుంపులు దిగుతాయి, ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు. అంటే చేతిలో ఉండేది నెలా నెలన్నర.

మొదటి పని ఒడ్డు లెక్క. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, కనీస మట్టం 834 అడుగులు. ఈ రెంటి మధ్య తేడా 51 అడుగులు, అంటే అయిదంతస్తుల మేడంత. జలాశయం మట్టం పేపర్లో వస్తూనే ఉంటుంది. అది నిలవ నీరు కాబట్టి ఎండాకాలంలో డ్యామ్ దగ్గర ఎంత దిగిందో మన దగ్గరా దాదాపు అంతే దిగుతుంది. కానీ నిలువునా దిగిన అడుగుకు ఒడ్డు అడ్డంగా ఎంత జరుగుతుందో ఏ పేపరూ చెప్పదు. అది మనమే కొలుచుకోవాలి.

దానికి ఇలా చేయండి. ఒక ఆదివారం పొద్దున నీటి అంచున బలమైన కర్ర ఒకటి పాతి, దానికి రంగు పూసి తేదీ రాయండి. ఆ రోజు పేపర్లో వచ్చిన మట్టం నోటుబుక్కులో ఎక్కించండి. వచ్చే ఆదివారం నీటి అంచున ఇంకో కర్ర. రెండు కర్రల మధ్య టేపు పెట్టి కొలవండి. మాటవరసకు, మట్టం 4 అడుగులు దిగి ఒడ్డు 60 అడుగులు జరిగిందనుకోండి, అక్కడ అడుగుకు 15 అడుగుల వాలు. ఇంకో 6 అడుగులు దిగితే ఒడ్డు మరో 90 అడుగులు జరుగుతుంది. వాలు అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి గుడి ముందు ఒక వరుస, రేవు దగ్గర ఒక వరుస, స్నానాలకు అనుకున్న చోట ఒక వరుస పాతుకోండి. రెండేళ్లు రాసుకుంటే ఏ నెలలో ఒడ్డు ఎక్కడుంటుందో మీరే చెప్పగలుగుతారు.

ఈ లెక్క లేక మొదటి ఏడాది నేను నష్టపోయాను. మార్చిలో నీళ్లకు ఇరవై అడుగుల దూరాన సిమెంటు గచ్చు పోయించి దాని మీద చేపల పొయ్యి పెట్టాను. మే నెలకు నీళ్లు నా పొయ్యికి ఎక్కడో దూరాన ఉన్నాయి, జనం ఆ ఎండలో వెనక్కి నడిచి రాలేక కింద గొడుగేసుకున్న వాళ్ల దగ్గరే తిన్నారు. ఆగస్టులో వరద వచ్చి గచ్చును ముంచేసింది. పూర్తి మట్టం గీతకు కింద మీరు పెట్టే ప్రతి వస్తువుకూ నాలుగు కాళ్లో, నాలుగు చక్రాలో ఉండాలి. పైగా ముంపు నేల ప్రాజెక్టుది, అక్కడ పక్కాగా కట్టే హక్కు ఎవరికీ లేదు.

నీళ్ల కింద ఏముందో పెద్దవాళ్లను అడగండి

ఈ మార్గదర్శిలో ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి. మనం స్నానం చేసే చోటు నది అడుగు కాదు, మునిగిపోయిన ఊరు. శ్రీశైలం నీళ్లొచ్చినప్పుడు ఈ తీరం పొడవునా ఊళ్లు లేచిపోయాయి. కొన్ని గుడులను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు, జటప్రోలు గుడులు అలా వచ్చినవే. కానీ బావులను ఎవరూ పైకి తేలేరు. అవి అక్కడే ఉన్నాయి.

నిండుగా ఉన్నప్పుడు బావి మీద నలభై అడుగుల నీళ్లుంటాయి, ఎవరికీ ప్రమాదం లేదు. వేసవిలో అదే చోట నీళ్లు మోకాలి లోతుకొస్తాయి. పిల్లవాడు మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగుతో నిలువులోతులోకి పోతాడు. నేను కళ్లారా చూశాను. ఇంటర్ చదివే కుర్రాడు, దోస్తులు ఫొటో తీస్తుంటే వెనక్కి రెండడుగులు వేశాడు. నవ్వుతున్న ముఖం అట్లాగే మాయమైంది. పక్కన పుట్టి (గుండ్రటి చిన్న పడవ) మీద వలలు విప్పుకుంటున్న ఒకాయన వెదురుగడ అందించబట్టి బతికాడు. తర్వాత గడతో చూస్తే అక్కడ మోటబావి ఒరకట్టు తగిలింది.

ఆ ఏడాది నుంచి నేను ప్రతి మార్చిలో పాత ఊళ్లో పుట్టి పెరిగిన ఒక పెద్దాయనను వెంటబెట్టుకొని ఒడ్డంతా తిరుగుతాను.

"పెద్దనాయనా, మీ పెద్ద బాయి ఏడుండె?"

"గా చింతమొద్దు కనవడ్తలేదా బిడ్డా? దాని కాన్నించి గుడిదిక్కు ముప్పై అడుగులెయ్యి. బాయి గాడనే ఉంటది. గిలకరాళ్లు గూడ ఉండె."

ఆయన చెప్పిన చోటల్లా గడ దించి చూడాలి. దొరికిన బావి చుట్టూ నాలుగు పొడవాటి వెదురుగడలు పాతి ఎర్రగుడ్డ కట్టాలి, గడల మధ్య తాడు లాగాలి. నీళ్లు ఇంకా దిగి బావి పూర్తిగా బయటపడితే ముళ్లకంప వేసి మూసేయాలి, లేకుంటే గొర్లు, బర్లు పడతాయి. చెట్ల మొద్దులనూ, కూలిన గోడలనూ ఇట్లాగే గుర్తించండి. ఈ సంగతి తెలిసిన తరం ఏటేటా తగ్గిపోతోంది. ఆ పెద్దాయన చెప్పినవన్నీ ఒక తెల్లకాగితం మీద పటంగా గీయించి పంచాయతీ ఆఫీసులో పెట్టించండి.

రెండో గండం ఒండ్రు. కొత్తగా బయటపడ్డ నేల పైన ఎండి పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది, జానెడు కింద మెత్తటి అడుసు. మనిషి పిక్కలదాకా దిగుతాడు, కారైతే ఇరుసు దాకా. మడమతో గట్టిగా తొక్కి చూడండి, నేల ఊగినట్టు అనిపిస్తే అక్కడికి జనాన్ని పంపకండి. నీటి అంచుదాకా వెళ్లే దారి ఒక్కటే ఉండాలి, దానికి రెండు పక్కలా సున్నం పూసిన రాళ్లు పెట్టాలి. చివరి యాభై అడుగులకు మొరం నింపిన సంచులు పరిచి, నీళ్లు దిగేకొద్దీ వాటిని ముందుకు జరుపుకోవచ్చు.

స్నానాల చోటు

ఊరికి ఒక్కచోటే పెట్టండి. జనం అయిదుచోట్ల దిగితే ఎవరినీ కాపాడలేరు. వాలు మెల్లగా ఉండి, అడుగున ఇసుకో గరుకు నేలో ఉండి, బావి, మొద్దు, పడవల దారి లేని చోటు ఎంచుకోండి. ఇద్దరు మనుషులు గడలు పట్టుకొని రెండడుగులకొకసారి లోతు చూస్తూ చోటంతా నడవాలి. పెద్దవాళ్ల నడుములోతు దగ్గర తాడు కట్టి, దానికి మూతలు బిగించిన ఖాళీ డబ్బాలు వేలాడదీస్తే దూరం నుంచి కూడా హద్దు కనిపిస్తుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. తాడు కట్టి నెలంతా దాన్ని అలాగే వదిలేస్తారు. నీళ్లు దిగుతుంటే తాడు దగ్గర లోతు నడుము నుంచి మోకాలికొస్తుంది, జనం దాన్ని దాటుకొని లోపలికి పోవడం అలవాటు చేసుకుంటారు. హద్దు మీద నమ్మకం పోయాక ఇక అది ఎక్కడుంటే ఏం? వారానికి ఒకసారి, నీళ్లు వేగంగా దిగుతుంటే మూడు రోజులకొకసారి తాడు జరపండి. జరిపిన ప్రతిసారీ గడలతో మళ్లీ నడవండి.

పొద్దున ఆరు నుంచి పది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా కాపలాకు ఇద్దరు ఈతగాళ్లుండాలి. వాళ్లకు కూలి ఇవ్వండి, ఊరికే నిలబడమంటే మూడో రోజు రారు. తాగి దిగేవాళ్లను ఆపడానికి కాపలావాళ్ల వెనక పంచాయతీ నిలబడాలి. నది ఒడ్డున ప్రాణాలు పోయే కారణాల్లో మందు ముందుంటుంది, ఈ విషయంలో నేను ఏ మొహమాటమూ పెట్టుకోను.

ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి నాలుగు గుంజలు పాతి, మందపాటి పరదాలు కట్టి, లోపల ఒక బల్ల, పైన ఒక దండెం పెట్టండి. ఖర్చు చాలా తక్కువ. ఇది లేని ఒడ్డుకు కుటుంబాలు రెండోసారి రావు.

ఎవరైనా మునిగితే

కాపలా దగ్గర పొడవాటి వెదురుగడ, నీటిమీద తేలే రకం నైలాన్ తాడు ఇరవై మీటర్లు, దాని కొసకు అయిదు లీటర్ల నూనె డబ్బా ఉండాలి. డబ్బాలో అడుగున గ్లాసెడు నీళ్లు పోసి మూత బిగించండి. పూర్తిగా ఖాళీదైతే గాలికి కొట్టుకుపోతుంది, ఈ కొంచెం బరువుతో అనుకున్న చోట పడుతుంది. ముందు గడ అందించాలి, అందకపోతే డబ్బా విసరాలి. ఈత వచ్చినా సరే ఉత్త చేతులతో దూకకూడదు. మునిగేవాడు ఆ భయంలో మీ మెడ పట్టుకుంటాడు.

పైకి తెచ్చాక కాళ్లు పట్టి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన దగ్గర పాత అలవాటు. అది మానిపించండి. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి 5 సార్లు ఊపిరి ఊదాలి. కదలిక లేకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో 30 సార్లు నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, పెద్దవాళ్లకు రెండంగుళాలు దిగేలా. తర్వాత 2 సార్లు ఊపిరి, మళ్లీ 30 నొక్కులు. ఇంకొకరు ఆలోపు 108కి ఫోన్ చేయాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. తేరుకొని లేచి కూర్చున్నా దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి పంపాల్సిందే. మార్చిలోనే ఆరోగ్య కేంద్రం వాళ్లను పిలిపించి బొమ్మ మీద ఇది నేర్పించమని అడగండి. పడవలవాళ్లు, బజ్జీలవాళ్లు, గుడి దగ్గర కొబ్బరికాయలమ్మేవాళ్లు, అందరూ నేర్చుకోవాలి.

పడవలు

2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. ఈ తీరంలో ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ మాట ఆగిపోతుంది. పడవల విషయంలో ఎవరైనా "ఇంకో ఇద్దరు ఎక్కితే ఏమైతది" అంటే నేను ఆ పేరే గుర్తుచేస్తాను.

వేసవి పడవ బేరాల్లో ముఖ్యమైనది సంగమేశ్వరం. అవతలి ఒడ్డున, నంద్యాల జిల్లాలో, ఏడు నదుల సంగమం దగ్గర వేపమొద్దు శివలింగం ఉన్న ఆ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండి ఎండాకాలంలో బయటపడుతుంది. గోపురం కనిపించిందన్న కబురు తెలిసిన వారానికే జనం వస్తారు. అందుకని సిద్ధంగా ఉండాల్సింది శిఖరం తేలినప్పుడు కాదు, అంతకు ముందే.

పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, అతుకు అతుకూ చూసుకోండి. ఇంజన్ నూనె, తాళ్లు, తోడే బకెట్, విడి తెడ్లు. మరబోట్లకు ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 ప్రకారం రిజిస్ట్రేషన్, తనిఖీ కావాలి. ఆ కాగితాలు వేసవి మొదలయ్యాక తిరిగితే అయ్యేవి కావు. ఎంతమంది ఎక్కవచ్చో అంకె పడవ రెండు పక్కలా తెల్లరంగుతో పెద్దగా రాయించండి. చంటిబిడ్డ కూడా ఆ లెక్కలో ఒక మనిషే.

లైఫ్ జాకెట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకసారి పట్నంలో ఒక దుకాణంలో చవగ్గా వస్తున్నాయని ఇరవై కొన్నాను. రంగు బాగుంది, కుట్టు బాగుంది. నీళ్లలో వేసి చూస్తే గంటకు బరువెక్కి సగం మునిగాయి. విప్పితే లోపల ప్యాకింగుకు వాడే స్పాంజి ముక్కలు. అప్పటి నుంచి కొన్న ప్రతి జాకెట్‌నూ రాయి కట్టి ఒక రాత్రంతా నీళ్లలో ఉంచుతాను, పొద్దునకు తేలుతూనే ఉండాలి. తర్వాత మనిషికి తొడిగి మెడలోతులో కాళ్లు ఎత్తించి చూడాలి, గడ్డం నీళ్ల పైన నిలవాలి. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే అది చెవుల మీదికి వచ్చి మనిషి కిందికి జారిపోతాడు. పిల్లల సైజులు విడిగా కొనండి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నవే కొనండి. రాత్రికి నీడలో ఆరేయండి, ఎండలో వదిలేస్తే గుడ్డ, పట్టీలు ఒక్క వేసవికే పెళుసెక్కుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక గాలి దుమారం వస్తుంది. గాలి ఒక్కసారిగా ఆగి ఉక్కపోత పెరిగినా, నల్లమల మీద మబ్బు కమ్మినా, దూరాన ఉరిమినా పడవ ఇవతలికి వచ్చేయాలి. ఎక్కువ దూరం బేరాలు పొద్దున్నే పెట్టుకోండి, మూడు గంటల తర్వాత అవతలి ఒడ్డుకు కొత్త బేరం ఒప్పుకోకండి.

నీళ్లు, మరుగుదొడ్లు, చెత్త

తాగునీళ్ల ట్యాంకును ఖాళీ చేసి, రుద్ది కడిగి, మళ్లీ నింపాక మంచి బ్లీచింగ్ పొడిని వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల లెక్కన బకెట్‌లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయండి. గంట ఆగి వాడండి. ఒడ్డు దారిలో రెండుచోట్ల చలివేంద్రం పెట్టి, రంజన్‌లకు (మట్టి కుండలకు) తడి గోనె చుట్టండి. ప్లాస్టిక్ సీసాల బాధ సగం దానితోనే తగ్గుతుంది.

మరుగుదొడ్డి గుంత పూర్తి మట్టం గీతకు పైనే ఉండాలి. ఇప్పుడు ఎండి కనిపిస్తున్న చోట తవ్వితే ఆగస్టులో అది నదిలో కలుస్తుంది, ఆ నీళ్లే మళ్లీ ఊళ్లకు తాగునీళ్లు. దూరం నడవాల్సి వస్తుందని జనం సణిగితే దారికి పందిరి వేయండి.

చెత్త ఏరేటప్పుడు మొదట గాజు. నీళ్లు దిగిన ప్రతిచోటా నిరుటి సీసాల పెంకులు బయటపడతాయి. స్నానాల చోట ఇసుకను జల్లెడ పట్టించండి, కూలీలకు బూట్లు ఇవ్వండి. ఈ పని ఒక్కరోజుతో కాదు, నీళ్లు దిగిన ప్రతి వారం కొత్త పట్టీ బయటపడుతుంది. ప్లేట్లకు మోదుగాకు విస్తర్లు మాట్లాడుకోండి, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై నుంచి దేశమంతా నిషేధమే. ఒడ్డున ఎండుగడ్డిలో పొయ్యి పెట్టనివ్వకండి. పక్కనే అమ్రాబాద్ పులుల అడవి, వేసవిలో నిప్పురవ్వ చాలు.

పొయ్యి దగ్గర

చేపకు సమానంగా ఐస్. కిలో చేపకు కిలో, ఒక వరుస ఐస్, ఒక వరుస చేప, కరిగిన నీళ్లు పోవడానికి పెట్టె అడుగున బెజ్జం. మసాలా పట్టించి ఎండలో తట్టలో పేర్చి చూపించడం ఆపేయండి, గిరాకీ వచ్చాకే బయటికి తీయండి. అలివి వలల చేప ఎంత చవకైనా కొనకండి. ఆ వల నిషేధం, వేలెడంత చేపపిల్లలను కూడా ఊడ్చేస్తుంది, వచ్చే ఏడు మనకు బొచ్చె, రవ్వ ఉండవు. చేపల పులుసుతో జొన్నరొట్టె పెట్టి చూడండి, పట్నం వాళ్లు బిర్యానీ మరిచిపోతారు. మే నెలలో కొల్లాపూర్ మామిడికాయలు తోట ధరకే ఒడ్డున అమ్మించండి, బుట్ట కొనకుండా ఎవరూ వెళ్లరు.

గదులిచ్చేవాళ్లు రేకుల మీద చిక్కటి సున్నం రెండు పూతలు వేయించండి, కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టండి, కరెంటు పోతే ఫ్యాను తిరిగేలా ఇన్వర్టర్ చూసుకోండి. ఇంతకన్నా హంగులు అక్కర్లేదు.

రేట్లు, వంతులు

పడవ రేటు, పార్కింగ్ రేటు, భోజనం రేటు అందరూ కూర్చొని ఒప్పుకొని, దారి మొదట్లో బోర్డు రాయించండి. పడవలకు వంతుల పుస్తకం పెట్టండి. బేరం కోసం కారు ఆగకముందే నలుగురు చుట్టుముట్టే ఊరికి పిల్లలతో వచ్చినవాళ్లు భయపడతారు. బండ్లను నీళ్లదాకా రానివ్వకుండా పైన చెట్ల నీడలోనే ఆపించండి, ముసలివాళ్లకు ఆటో ఒకటి కిందిదాకా తిప్పండి.

వరద కబురు వచ్చాక

జూలైలో పైన జూరాల గేట్లు ఎత్తారన్న వార్త వినగానే తాడు, పరదాలు, మొరం సంచులు, బావుల గడలు అన్నీ పైకి తెచ్చేయండి. నీళ్లు దిగినంత మెల్లగా ఎక్కవు, రాత్రికి రాత్రే కర్రల వరుస సగం మునగొచ్చు. ముందే కర్రల తేదీలు, మధ్య దూరాలు నోటుబుక్కులోకి ఎక్కాయా లేదా చూసుకోండి. బావుల పటంలో ఈ ఏడు కొత్తగా దొరికినవి ఎర్రసిరాతో కలిపి, పెద్దాయనకు మళ్లీ ఒకసారి చూపించి, పంచాయతీ బీరువాలో పెట్టండి.